బ్యాంకాకులో సగం కప్పు



మన ఆదోనిలో గానీ, ఎమ్మిగనూరులో గానీ సాయంత్రం అయిదయిందంటే ఖాళీ జాగా కనబడిన ప్రతిచోటా పిల్లలు క్రికెట్టే ఆడుతుంటారు. గోడమీద బొగ్గుతో మూడు గీతలు గీస్తే చాలు, అవే వికెట్లు. ఫుట్‌బాలు సంగతి ఎత్తితే, "అది బెంగాలీలదీ, కేరళవాళ్ళదీ అక్కా, మనది కాదు" అంటారు. ఆ మాట సరికాదు. ఆసియా ఖండపు యువకుల ఫుట్‌బాలు పోటీల్లో మన దేశం ఒకే ఒక్కసారి, 1974లో, విజేతగా నిలిచింది. ఆ జట్టు నాయకుడు హైదరాబాదు కుర్రాడు. పేరు షబ్బీర్ అలీ. ఈవేళ ఆ ముచ్చట చెప్పుకుందాం.

ఈ పోటీలు 1959లో మలయా దేశంలో మొదలయ్యాయి. అప్పటి ఆ దేశ ప్రధానమంత్రి టుంకు అబ్దుల్ రహమాన్‌గారే ఆసియా ఫుట్‌బాలు సమాఖ్యకు కూడా అధ్యక్షులు. దేశాన్నీ ఆయనే చూసుకోవాలి, బంతాటనూ ఆయనే చూసుకోవాలి! మొదటి ఏడు దక్షిణ కొరియా గెలిచింది. ప్రపంచ దేశాలన్నిటికీ కలిపి యువకుల పోటీలు పెట్టింది మాత్రం 1977లో, ట్యునీషియాలో. అంటే ఈ విషయంలో మన ఖండమే పద్దెనిమిదేళ్ళు ముందు నడిచిందన్నమాట.

యువకుల పోటీ అంటే వయసుకు గీత గీసిన పోటీ. ఆ గీత దాటిన పిల్లవాడు ఎంత మొనగాడైనా ఇంట్లో కూర్చోవలసిందే. ఇక్కడే ఒక చిక్కుంది. మన వైపు పిల్లల్ని బడిలో వేసేటప్పుడు పంతులుగారు జూన్ ఒకటో తారీఖని రాసెయ్యడం మీకందరికీ తెలిసిందే కదా. ఆ లెక్కన సగం ఊరు ఒకేరోజు పుట్టినట్టే! ఇలాంటి తారీఖులు మన దేశంలోనే కాదు, చాలా దేశాల్లో ఉన్నాయి. అందుకే ప్రపంచ సమాఖ్యవారు 2009 నుంచి పదిహేడేళ్ళలోపు మగపిల్లల పోటీల్లో మణికట్టు ఎముకలకు స్కానింగు తీయించడం మొదలుపెట్టారు. కాగితం అబద్ధమాడినా ఎముక ఆడదని.

సరే, హైదరాబాదుకు వద్దాం. 1800లో నిజాము ఇంగ్లీషువాళ్ళకు ఇచ్చేసేదాకా మన ఆదోని కూడా ఆ ఏలుబడిలోదే కనుక మనకు మరీ పరాయి ఊరేం కాదు. అక్కడ సయ్యద్ అబ్దుల్ రహీం అని ఒక బడిపంతులుగారుండేవారు. ఆయన తర్ఫీదులో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పును 1950 నుంచి 1954 దాకా వరుసగా అయిదేళ్ళు ఇంకొకరికి దక్కనివ్వలేదు. ఆయనే దేశపు జట్టుకు కూడా శిక్షకులై, 1951లో ఢిల్లీలో, 1962లో జకార్తాలో ఆసియా క్రీడల బంగారు పతకాలు తెప్పించారు. 1956 మెల్బోర్న్ ఒలింపిక్సులో మనవాళ్ళు నాలుగో స్థానంలో నిలిచారు. సికిందరాబాదు అమ్ముగూడ నుంచి వెళ్ళిన తులసీదాస్ బలరాం మెల్బోర్న్‌లోనూ ఆడాడు, జకార్తాలోనూ ఆడాడు. రహీంగారు కాన్సరుతో బాధపడుతూనే జకార్తా వెళ్ళివచ్చారు. 1963 జూన్‌లో కన్నుమూశారు.

నాకు ఇందులో ముఖ్యంగా తోచేది ఆ పోలీసు జట్టు. ఏ తల్లయినా ముందు అడిగేది ఒకటే: "ఆటలాడితే అన్నం వస్తుందా?" హైదరాబాదులో ఆ ప్రశ్నకు జవాబుండేది. బాగా ఆడినవాడికి పోలీసుశాఖలో ఉద్యోగం. నెల తిరిగేసరికి జీతం. పేదింటి పిల్లలు బంతి వెనక పరుగెత్తారంటే, వెనక ఈ భరోసా ఉండబట్టే.

పంతులుగారు పోయాక కూడా ఆ ఊరి చేవ వెంటనే చావలేదు. 1970లో బ్యాంకాకు ఆసియా క్రీడల్లో కంచు పతకం తెచ్చిన జట్టు నాయకుడు సయ్యద్ నయీముద్దీన్‌దీ హైదరాబాదే. నాలుగేళ్ళ తర్వాత, 1974 ఏప్రిల్లో, అదే బ్యాంకాకులో యువకుల పోటీలు. ఈసారి నాయకుడు షబ్బీర్ అలీ. అతను పుట్టింది 1956లో, అంటే పట్టుమని ఇరవయ్యేళ్ళు లేవు. ఆఖరి ఆట ఇరానుతో. ఆ రోజుల్లో ఈ పోటీలకు ఇరాను అంటే హడల్. 1973లో కప్పు వాళ్ళదే, ఆ తర్వాత 1975లో, 1976లో కూడా విజేతల్లో వాళ్ళ పేరుంది. అలాంటి వాళ్ళతో మన పిల్లలు రెండుకు రెండు గోల్స్ చేసి సమానంగా నిలిచారు. ఇప్పుడైతే పెనాల్టీలు తన్నించి ఎవరో ఒకరిని తేలుస్తారు. అప్పుడు అలా చేయకుండా ఇద్దరినీ విజేతలుగా ప్రకటించారు. సగం కప్పే కావచ్చు. అయినా ఆ సగం కూడా మనవాళ్ళు మళ్ళీ ఇంతవరకూ తేలేదు.

అప్పటికి హైదరాబాదుకు టీవీ లేదు, అది వచ్చింది 1977లో. ఆ ఆటను కళ్ళారా చూసిన తెలుగువాళ్ళు ఎందరుంటారు చెప్పండి? చూడనిది మరిచిపోవడం తేలిక.

షబ్బీర్ తర్వాత బొంబాయిలో టాటా జట్టుకు, కలకత్తాలో ఈస్ట్ బెంగాల్‌కు, మహమ్మడన్ స్పోర్టింగుకు ఆడాడు. 1976లో మలేషియాలో మెర్డెకా పోటీల్లో ఇండోనేషియా మీద ఒక్క ఆటలోనే మూడు గోల్స్ కొట్టాడు. ప్రభుత్వం వారి ధ్యాన్‌చంద్ పురస్కారం మాత్రం 2011లో వచ్చింది. బ్యాంకాకు గెలుపు తర్వాత ముప్ఫయి ఏడేళ్ళకు! ఇక దేశం సంగతి అంటారా, 1974లోనే టెహరాన్ ఆసియా క్రీడల్లో పెద్దవాళ్ళ జట్టు మొదటి దశలోనే ఇంటిదారి పట్టింది. 1970 నాటి కంచు తర్వాత ఆ క్రీడల్లో ఫుట్‌బాలు పతకమే లేదు. పిల్లలు గెలిచారు, ఆ పిల్లలు పెద్దవాళ్ళయ్యేలోపు వాళ్ళకేం కావాలో అది అందలేదు. నారు బాగా పోసి, నాటువేళకు నీళ్ళు కట్టేసినట్టయింది.

2017లో పదిహేడేళ్ళలోపు మగపిల్లల ప్రపంచకప్పు మన దేశంలోనే జరిగింది. ఇంటివాళ్ళం కనుక అర్హత పోటీలు లేకుండానే చోటిచ్చారు. మూడాటలూ ఓడాం. కాకపోతే కొలంబియా మీద మణిపూరు కుర్రాడు జీక్సన్ సింగ్ ఒక గోల్ కొట్టాడు. ప్రపంచకప్పు పోటీల్లో మన దేశం కొట్టిన మొదటి గోల్ అది.

ఆడపిల్లల కథ ఇంకోలా ఉంది. వాళ్ళ ప్రపంచకప్పు 2020లో మన దేశంలో జరగాలి. కోవిడ్ వచ్చి వాయిదా పడింది, ఆనక రద్దే అయింది. మళ్ళీ 2022లో పెట్టేసరికి, 2020 కోసం తయారైన పిల్లలకు వయసు దాటిపోయింది. చీర ఈ పండక్కి కుదరకపోతే వచ్చే పండక్కి కట్టుకోవచ్చు. పదహారేళ్ళు మళ్ళీ రావు కదా. 2022లో ఆడిన పిల్లలు అమెరికా చేతిలో ఎనిమిది, మొరాకో చేతిలో మూడు, బ్రెజిల్ చేతిలో అయిదు గోల్స్ తేడాతో ఓడారు. ఒక్క గోలూ కొట్టలేదు. నవ్వినవాళ్ళున్నారు. నేను నవ్వలేదు. మన పడమటి తాలూకాల ఊళ్ళలో పనులు లేక గుంటూరు వైపు మిరపకోతలకు కుటుంబాలు కదిలితే, వెంట వెళ్ళే ఆడపిల్లకు బడే దూరమవుతుంది, మైదానం మాట దేవుడెరుగు. పట్నంలో ఉండే మనమైనా, పిల్ల పెద్దమనిషి అయిందంటే ఆ సాయంత్రం నుంచే "ఇంక గంతులు చాలు" అంటాం.

అనని ఇళ్ళూ ఉన్నాయి. నిజామాబాదు జిల్లా పిల్ల సౌమ్య గుగులోత్ దేశపు జట్టుకు ఆడి, 2022లో క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్ జట్టులో చేరింది. ఇక 2025 ఆగస్టులో మన ఇరవయ్యేళ్ళలోపు అమ్మాయిలు రంగూన్ వెళ్ళి, మయన్మారును వాళ్ళ గడ్డమీదే ఒక గోల్ తేడాతో ఓడించారు. దాంతో ఇరవయ్యేళ్ళ తర్వాత మళ్ళీ ఆసియా యువతుల పోటీల్లో మన దేశానికి చోటు దొరికింది. ఆ 2026 పోటీలకు ఎంచుకున్న దేశం థాయిలాండు, షబ్బీర్ అలీ సగం కప్పు పట్టుకున్న గడ్డే.