ఒక ఇంటిపేరు ప్రయాణం: ‘వాషింగ్టన్’ కథ

వాషింగ్టన్ అనగానే ఎవరికైనా అమెరికా సంయుక్త రాష్ట్రాల రాజధాని, లేదా ఆ దేశపు మొదటి అధ్యక్షుడు జ్ఞప్తికి రావడం సహజం. కాని అది మొదట రాజధాని పేరూ కాదు, మనిషి పేరూ కాదు. ఉత్తర ఇంగ్లండులోని ఒక చిన్న పల్లె పేరు. ఆ పల్లెను ఏలుకున్న కుటుంబానికి అది ఇంటిపేరయింది. ఆ కుటుంబంతోపాటు ఇంగ్లండులో రెండు మూడు చోట్లకు మారి, చివరకు సముద్రం దాటి అమెరికా చేరింది.

అమెరికాలో 2000 సంవత్సరపు జనాభా లెక్కలలో ఈ ఇంటిపేరు గలవారు 1,63,036 మంది ఉన్నట్లు తేలింది. వారిలో నూటికి సుమారు 90 మంది నల్లజాతివారు. ఒక శ్వేతజాతి భూస్వామి కుటుంబపు పేరు ఇంతమంది నల్లజాతివారికి ఎట్లా వచ్చింది? వీరందరూ ఒకే వంశంవారా? ఈ ప్రశ్నలకు జవాబు కావాలంటే ఎనిమిది వందల సంవత్సరాల వెనుకకు వెళ్ళి, ఆ పేరు వచ్చిన దారినే నడిచి రావాలి.

ఇంగ్లండులో ఇంటిపేర్లు

క్రీ. శ. 1066లో నార్మనులు ఇంగ్లండును జయించేనాటికి అక్కడి ప్రజలలో చాలామందికి ఒక్క పేరే ఉండేది. తరువాత కొద్ది తరాలలో విలియం, రాబర్టు, జాన్ వంటి కొన్ని పేర్లే దేశమంతటా వ్యాపించాయి. ఒకే ఊళ్ళో నలుగురు జాన్‌లుంటే శిస్తు ఎవరు కట్టారో, భూమి ఎవరిదో తేల్చడం కష్టం. అందువల్ల పేరు పక్కన గుర్తుగా మరొక మాట చేర్చవలసి వచ్చింది.

ఆ గుర్తులు ముఖ్యంగా నాలుగు విధాలు. వృత్తిని బట్టి వచ్చినది ‘స్మిత్’, అంటే కమ్మరి. తండ్రి పేరును బట్టి వచ్చినది ‘జాన్సన్’. అంటే జాన్ కొడుకు. శరీర లక్షణాన్ని బట్టి వచ్చినది ‘బ్రౌన్’. అంటే గోధుమవన్నె జుట్టుగాని, ఛాయగాని గలవాడు. నాలుగవది మన ఇంటిపేర్లలో కూడ విరివిగా కనిపించేదే: ఊరి పేరు. మొదట ఈ గుర్తులు మనిషితో పుట్టి మనిషితోనే పోయేవి. భూమి మీద హక్కు తండ్రి నుంచి కొడుకుకు సంక్రమించే కుటుంబాలలో గుర్తు కూడ సంక్రమించసాగింది. క్రమంగా సామాన్యులకూ అలవాటయి, 1400 ప్రాంతానికి ఇంగ్లండులో చాలా కుటుంబాలకు స్థిరమైన ఇంటిపేర్లు ఏర్పడ్డాయి.

పల్లె నుంచి కుటుంబానికి

‘వాషింగ్టన్’ అనే మాటలో ఉతుకుడుకు సంబంధించినదేమీ లేదు. ప్రాచీన ఇంగ్లీషులో ‘తూన్’ అంటే ఆవరణ గల పొలం, ఆ పైన ఊరు. ‘ఇంగ్’ అంటే ఫలానావానికి సంబంధించినది. ‘హ్వాస’ అనేది ఒక మనిషి పేరు. కాబట్టి వాషింగ్టన్ అంటే ‘హ్వాస తాలూకు ఊరు’. ఈ హ్వాస ఎవరో చరిత్రకెక్కలేదు. ఊరి పేరులో మాత్రం మిగిలాడు.

ఈ పల్లె డరం ప్రాంతంలో ఉంది. నార్మను రాజు 1086లో చేయించిన ప్రసిద్ధమైన భూముల లెక్కలలో ఈ ప్రాంతం చేరలేదు. ఆ లోటును దాదాపు నూరేండ్ల తరువాత డరం బిషప్పు తీర్చాడు. 1183లో ఆయన తన ఆధీనంలోని గ్రామాలన్నిటికీ లెక్క వ్రాయించాడు. దానికి బోల్డన్ గ్రంథమని పేరు. హెర్ట్‌బర్న్ ఊరి విలియం తన హెర్ట్‌బర్న్ గ్రామాన్ని బిషప్పుకు వదలి, బదులుగా వాషింగ్టన్ గ్రామాన్ని తీసుకున్నాడనీ, అందుకు 4 పౌనులు చెల్లించాలనీ, బిషప్పు వేటకు నాలుగు వేటకుక్కలతో హాజరు కావాలనీ అందులో ఉన్నది.

ఊరు మారడంతో విలియం పేరు కూడ మారింది. హెర్ట్‌బర్న్ విలియం వాషింగ్టన్ విలియం అయినాడు. ఆ కాలంలో ఇంటిపేరు రక్తానికి కాక భూమికి అంటి ఉండేదనడానికి ఇంతకన్న స్పష్టమైన నిదర్శనం అరుదు. ఆ మార్పిడి జరగకుండా ఉంటే అమెరికా రాజధాని పేరు హెర్ట్‌బర్న్ అయి ఉండేదేమో!

ఉన్నిలోకి, మఠపు భూములలోకి

పల్లెలో మిగిలిన పెద్దశాఖకు 1400 ప్రాంతంలో మగసంతతి లేకపోవడంవల్ల ఆస్తి కుమార్తె ద్వారా వేరొక కుటుంబానికి పోయింది. అప్పటికే ఒక శాఖ పడమటనున్న లాంకషైరు చేరి, వార్టన్ పరిసరాలలో స్థిరపడింది. ఈ విధంగా వాషింగ్టన్ పల్లెలో వాషింగ్టన్‌లు లేకుండా పోయారు. పేరు మాత్రం వేరే చోట బ్రతికింది.

వార్టన్ శాఖకు చెందిన లారెన్స్ వాషింగ్టన్ దక్షిణాన నార్తాంప్టన్ పట్టణానికి వెళ్ళి ఉన్ని వర్తకం చేశాడు. ఆనాడు ఇంగ్లండు ఐశ్వర్యమంతా గొర్రెల వీపు మీద ఉండేది. ఆయన 1532లో ఒకసారి, 1545లో మరొకసారి ఆ పట్టణానికి మేయరయినాడు. అదే కాలంలో ఎనిమిదవ హెన్రీ రాజు మఠాలను రద్దు చేసి వాటి భూములను అమ్మివేశాడు. 1539లో లారెన్స్ 324 పౌనుల 14 షిల్లింగుల 10 పెన్నీలకు సల్‌గ్రేవ్ అనే గ్రామపు మఠపు భూమిని కొని, అక్కడ ఇల్లు కట్టించాడు. ఆ ఇల్లు నేటికీ నిలిచి ఉన్నది.

వంద సంవత్సరాలు గడిచేసరికి ఆ సంపద కరిగిపోయింది. ఈ వంశంలోని మరొక లారెన్స్ ఆక్స్‌ఫర్డులో చదివి ఎసెక్సులోని పర్లీ గ్రామంలో మతగురువయ్యాడు. రాజుకూ పార్లమెంటుకూ అంతర్యుద్ధం జరుగుతుండగా, 1643లో పార్లమెంటు పక్షంవారు ఆయన మద్యశాలలకు తిరుగుతాడన్న ఆరోపణపై పదవి నుంచి తొలగించారు. జీవనాధారం పోయింది. ఆయన కొడుకు జాన్ సముద్రపు వ్యాపారంలో ప్రవేశించవలసి వచ్చింది.

పొగాకు తీరంలో

జాన్ వాషింగ్టన్ ఓడ ఉద్యోగిగా అమెరికాలోని వర్జీనియాకు ప్రయాణమయ్యాడు. 1657లో, తిరుగు ప్రయాణానికి పొగాకు నింపుకున్న ఆ ఓడ పొటోమాక్ నదిలో మెట్టెక్కి చెడింది. జాన్ అక్కడే నిలిచిపోయి, నెథానియేల్ పోప్ అనే భూస్వామి కుమార్తె ఆన్‌ను పెండ్లాడాడు. మామగారు 700 ఎకరాల భూమి ఇచ్చాడు.

వర్జీనియాలో భూమికి కొదవ లేదు, కొదవ పనివారికే. పొగాకు నారు పోయడం మొదలు ఆకు ఎండబెట్టడం వరకు అన్నీ చేతితో చేయవలసిన పనులు. కొత్త మనిషిని తెచ్చినవానికి తలకు 50 ఎకరాల చొప్పున భూమి ఇచ్చే పద్ధతి కూడ అక్కడ ఉండేది. మొదట ఇంగ్లండు పేదలు ఒప్పందంపై పనికి వచ్చారు. తరువాత వారి స్థానంలో ఆఫ్రికా నుంచి బలవంతంగా తెచ్చిన బానిసలు పెరిగారు.

జాన్‌కు మునిమనుమడే 1732లో పుట్టిన జార్జి వాషింగ్టన్. 1743లో తండ్రి మరణించగా పదకొండేండ్ల ఆ బాలునికి వారసత్వంగా వచ్చిన ఆస్తిలో పదిమంది బానిసలు ఉన్నారు. ఆయన మరణించిన 1799 నాటికి మౌంట్ వెర్నన్‌లోని ఆయన భూములలో 317 మంది బానిసలు పని చేస్తుండేవారు. వారిలో తన సొంతమైనవారిని భార్య అనంతరం విడుదల చేయాలని వీలునామా వ్రాశాడు. ఆమె 1801 జనవరి 1వ తేదీననే వారికి విముక్తి కలిగించింది. జార్జికి సంతానం లేదు. పేరు ఆయన సోదరుల సంతతి ద్వారా సాగింది.

పేరు లేనివారు, పేరు తీసుకున్నవారు

బానిసకు ఇంటిపేరు ఉన్నట్లు యజమానులు సాధారణంగా ఒప్పుకునేవారు కారు. తమలో తాము ఇంటిపేర్లు వాడుకున్న బానిస కుటుంబాలు చాలా ఉన్నా అవి లెక్కలకెక్కేవి కావు. 1850, 1860 సంవత్సరాల జనాభా లెక్కలలో బానిసలకు వేరే పట్టీలు ఉండేవి. వాటిలో యజమాని పేరు వ్రాసి, దాని కింద బానిసల వయస్సు, లింగం, రంగు మాత్రమే వ్రాశారు. మనిషి పేరు లేదు.

అయినా కొందరి పేర్లు మరొక విధంగా నిలిచాయి. ఆఫ్రికాలో పుట్టి మౌంట్ వెర్నన్‌లో బానిసగా ఉన్న హారీ అనే వ్యక్తి, అమెరికా స్వాతంత్ర్య యుద్ధకాలంలో 1776లో తప్పించుకొని బ్రిటిషువారి పక్షం చేరాడు. 1783లో బ్రిటిషువారు ఓడలెక్కించిన నల్లజాతివారి జాబితాలో హారీ వాషింగ్టన్ పేరు ఉన్నది. ఆయన కెనడాలోని నోవా స్కోషియాకూ, అక్కడినుంచి 1792లో ఆఫ్రికాలోని సియెర్రా లియోన్‌కూ వెళ్ళాడు. 1800లో అక్కడి పాలకులపై జరిగిన తిరుగుబాటులో పాల్గొన్నందుకు బహిష్కృతుడయినాడు. యజమాని దేశాధినేత అయ్యాడు. అదే ఇంటిపేరుతో ఆయన పూర్వపు బానిస స్వేచ్ఛ కోసం రెండు ఖండాలు తిరిగాడు.

1865లో రాజ్యాంగ సవరణ ద్వారా అమెరికాలో బానిసత్వం రద్దయింది. 1870 లెక్కలలో విముక్తులైనవారి పేర్లన్నీ మొదటిసారిగా వ్రాశారు. ‘వాషింగ్టన్’ అని చెప్పినవారు ఎందుకు ఆ పేరే చెప్పారన్నదానికి ఒకే కారణం లేదు. కొందరు ఆ కుటుంబపు తోటలలో పని చేసినవారు. కొందరికి తండ్రి పిలుపుపేరే వాషింగ్టన్. మరికొందరు దేశ స్థాపకుని పేరు ధరించి, తాము కూడ ఈ దేశపౌరులమేనని చాటుకున్నారని చరిత్రకారులు భావిస్తారు.

విద్యావేత్త బుకర్ వాషింగ్టన్ ఉదంతం ఇక్కడ చెప్పుకోదగినది. ఆయన 1856లో బానిసగా పుట్టాడు. విముక్తి తరువాత బడిలో చేరినప్పుడు, తక్కిన పిల్లలందరికీ రెండేసి పేర్లు ఉండడం గమనించి కంగారుపడ్డాడు. హాజరుపట్టీలో వ్రాయడానికి ఉపాధ్యాయుడు పూర్తి పేరు అడిగే సమయానికి ఒక ఉపాయం తట్టి, బుకర్ వాషింగ్టన్ అని నిబ్బరంగా చెప్పాడు. ఆయన మారుతండ్రి పిలుపుపేరు వాషింగ్టన్. ఆ బాలుడే పెద్దవాడై 1881లో టస్కీగీ విద్యాలయానికి అధిపతి అయినాడు.

రక్తం ఏమి చెబుతుంది?

ఇంటిపేరు తండ్రి నుంచి కొడుకుకు వస్తుంది. మగవారి కణాలలోని వై క్రోమోసోము కూడ అంతే. కాబట్టి ఒకే ఇంటిపేరు గలవారి వై క్రోమోసోములను పోల్చితే మూలపురుషుడు ఒకడా, పలువురా అన్నది కొంతవరకు తెలుస్తుంది. 2000లో ప్రకటించిన ఒక పరిశోధనలో సైక్స్ అనే ఇంగ్లీషు ఇంటిపేరు గల 48 మందిని పరీక్షించగా 21 మందిలో ఒకే రకం క్రోమోసోము కనిపించింది. 2009లో 40 ఇంటిపేర్లకు చెందిన 1,678 మందిని పరిశీలించిన మరొక పరిశోధనలో అరుదైన పేర్లవారిలో ఇట్టి పోలిక ఎక్కువగా ఉన్నది. స్మిత్ వంటి పేర్లలో పోలిక దాదాపు లేదు. కమ్మరి ప్రతి ఊళ్ళోనూ ఉన్నాడు కదా!

2024లో శాస్త్రజ్ఞులు, జార్జి తమ్ముడు శామ్యూల్ ఇద్దరు మనుమల అస్థిశకలాలను, ఆ కుటుంబంలో నేడు జీవించి ఉన్న ఒక వ్యక్తి డి.ఎన్.ఎ.తో పోల్చి గుర్తించారు. అక్కడ పేరూ క్రోమోసోమూ కలసి నడిచాయి. కాని పేరును స్వయంగా ఎన్నుకున్నవారిలోనూ, దత్తత వచ్చినవారిలోనూ, తల్లి వైపు పేరు పెట్టుకున్నవారిలోనూ ఈ రెండూ విడిపోతాయి. కనుక ఇంటిపేరు ఒకటైనంత మాత్రాన వంశం ఒకటని తేల్చరాదు. పేరు ఒక ఆధారం మాత్రమే. దానిని దస్తావేజులతోనూ, భూముల లెక్కలతోనూ, వీలైతే జీవశాస్త్ర పరీక్షలతోనూ సరిచూడాలి.

వాషింగ్టన్ పల్లెలో ఆ కుటుంబపు పాత ఇల్లు కాలక్రమాన పేదల వాటాలుగా మారి శిథిలమయింది. 1936లో అది మనుషుల నివాసానికి పనికిరానిదని తేలినప్పుడు ఫ్రెడ్ హిల్ అనే స్థానిక ఉపాధ్యాయుడు సంఘాన్ని ఏర్పరచి దానిని కాపాడాడు. 1955లో అది ప్రజల సందర్శనకు తెరవబడింది. జార్జి వాషింగ్టన్‌కు మాత్రం తన వంశవృక్షంపై ఆసక్తి తక్కువే. 1792లో లండనులోని ఒక వంశచరిత్ర అధికారి అడిగినప్పుడు, ఆ సంగతిని తానెన్నడూ అంతగా పట్టించుకోలేదని జవాబు వ్రాశాడు. భూమితోపాటు పేరు కూడ పుట్టుకతోనే దక్కినవానికి అట్టి నిర్లక్ష్యం చెల్లింది. హాజరుపట్టీలో రెండవ పేరు కోసం తడుముకున్న బాలునికి అది చెల్లలేదు. ఈనాడు ఆ ఇంటిపేరును ఎక్కువగా మోస్తున్నది ఆ బాలుని వంటివారి సంతతియే.