వెలుగు మోసిన మాట, కాగితం నిలిపిన పేరు



ఈ వరాలా తలావ్ చుట్టుపక్కల స్థిరపడిన మన తెలుగు కుటుంబాలలో సాంచాల సంగతి తెలియని ఇల్లు దాదాపు ఉండదు. పాత సాంచాకు చిన్న ఉపాయం చేసి, మళ్లీ నడిపించే ఫిట్టర్లు, జాబర్లు మన మధ్య ఎందరో ఉన్నారు. ఆ ఉపాయం నాలుగు రోజులలో పక్క కార్ఖానాకు చేరుతుంది. కనిపెట్టినవాడి పేరు మాత్రం గడప దాటదు. ఈనాటి ప్రసంగం ఆ పేరును గురించే, అంటే పేటెంట్ అనే కాగితాన్ని గురించే.

పేటెంట్ అంటే ఏమిటి? కొత్త వస్తువునో, పద్ధతినో కనిపెట్టినవారు దాని గుట్టంతా వివరంగా రాసి ప్రభుత్వానికి ఇస్తారు. బదులుగా ప్రభుత్వం, వారి అనుమతి లేకుండా ఇతరులు దానిని తయారు చేయకుండా, అమ్మకుండా ఆపే హక్కు ఇస్తుంది. మన దేశంలో ఈ హక్కు దరఖాస్తు చేసిన తేదీ నుంచి 20 ఏళ్లు. ఆ తరువాత అది అందరి సొత్తు.

ఈ కాగితం విలువ తెలియాలంటే అలెగ్జాండర్ గ్రాహంబెల్ కథ వినాలి. ఆయన చెవిటి పిల్లలకు మాటలు నేర్పిన ఉపాధ్యాయుడు. 1876 ఫిబ్రవరి 14న టెలిఫోనుకు సంబంధించిన ఆయన దరఖాస్తు వాషింగ్టన్ పేటెంట్ కార్యాలయానికి చేరింది. అదే రోజున ఎలీషా గ్రే అనే మరో పరిశోధకుడి కాగితాలు కూడా అక్కడికే వచ్చాయి. మార్చి 7న పేటెంట్ బెల్‌కు దక్కింది. ఆ తరువాత ఎన్నో వ్యాజ్యాలు నడిచాయి. చివరికి నిలబడింది ఆ కాగితమే.

బెల్ అంతటితో ఆగలేదు. 1880లో టెయింటర్ అనే సహచరుడితో కలిసి మాటను వెలుగు మీద ఎక్కించాడు. ఆ యంత్రం పేరు ఫోటోఫోన్. పల్చటి అద్దం వెనుక నుంచి మాట్లాడితే, గొంతు కదలికకు అద్దం కదులుతుంది. దాని మీద పడి వెళ్లే ఎండ వెలుగు కూడా హెచ్చుతగ్గులవుతుంది. అవతల సెలీనియం అనే పదార్థం ఆ హెచ్చుతగ్గులను విద్యుత్తుగా అందుకుంటుంది, టెలిఫోను దానిని మళ్లీ మాటగా మారుస్తుంది. వాషింగ్టన్‌లోని ఫ్రాంక్లిన్ పాఠశాల పైకప్పు నుంచి సుమారు 213 మీటర్ల దూరం మాట అలా వెళ్లింది. టెలిఫోను కంటే ఇదే గొప్పదని బెల్ భావించాడు. పేటెంట్ కూడా వచ్చింది. కాని మబ్బు పట్టినా, పొగమంచు కమ్మినా మాట ఆగిపోయేది. వెలుగు నడవడానికి దారి దొరకక ముందే ఆ పేటెంట్ గడువు తీరిపోయింది.

ఆ దారి గాజు పోగు. పంజాబులోని మోగాలో 1926లో పుట్టిన నరీందర్ సింగ్ కపానీ, లండన్‌లో హాప్‌కిన్స్‌తో కలిసి 1954లో గాజు పోగుల కట్ట గుండా బొమ్మను పంపి చూపించాడు. ఫైబర్ ఆప్టిక్స్ అన్న పేరును 1960లో లోకానికి పరిచయం చేసినవాడూ ఆయనే. 1966లో చార్లెస్ కావో, గాజును తగినంత శుద్ధి చేస్తే వెలుగు ఎంతో దూరం వెళ్లగలదని లెక్క కట్టి చెప్పాడు. ఆ కృషికి 2009లో కావోకు నోబెల్ బహుమతి వచ్చింది. కపానీకి రాలేదు. అయితే ఆయన పేరిట వందకు పైగా పేటెంట్లు ఉన్నాయి. 2020లో మరణించిన ఆయనకు, 2021లో పద్మవిభూషణ్ ప్రకటించారు.

ఇంకొక పేరు జగదీశ్ చంద్ర బోస్. రేడియో అలలను పట్టుకునే గెలీనా స్ఫటికానికి అమెరికాలో ఆయన పేరిట 1901లో దరఖాస్తు పెట్టారు, 1904లో పేటెంట్ వచ్చింది. విజ్ఞానంతో వ్యాపారం చేయడం ఆయనకు ఇష్టం లేదు. స్నేహితురాలు సారా బుల్ పట్టుబట్టడం వల్లే అది జరిగింది. ఆయన దాని మీద సొమ్ము సంపాదించలేదు. కాని అర్ధవాహక పరికరాలకు ఆద్యులలో ఆయన ఒకరని నేడు చెప్పుకోవడానికి ఆ కాగితమే సాక్ష్యం. అంటే పేటెంట్ ప్రతిసారీ అన్నం పెట్టకపోవచ్చు, కాని పేరు మాసిపోకుండా చూస్తుంది.

ఇవన్నీ పెద్ద చదువులవారి కథలనుకోవద్దు. అప్పటి నల్గొండ జిల్లా శారాజీపేట నేతబిడ్డ చింతకింది మల్లేశం ఆరో తరగతితో బడి మానేశాడు. పోచంపల్లి చీరకు ఆసు పోయాలంటే ఒక్క చీరకే చేతిని సుమారు 9 వేలసార్లు అటూ ఇటూ తిప్పాలి. తల్లి లక్ష్మి భుజం నొప్పి చూడలేక 1992లో మొదలుపెట్టి, 1999లో ఆసు యంత్రం పూర్తి చేసి, ఆమె పేరే పెట్టాడు. తరువాత దానికి ఎలక్ట్రానిక్ అమరిక కూడా చేర్చాడు. పేటెంట్ పొందాడు. 2017లో పద్మశ్రీ అందుకున్నాడు.

కనుక, శ్రోతలారా, మీ కార్ఖానాలో నిజంగా కొత్త ఉపాయం పుడితే మొదట చేయవలసింది నలుగురికీ చూపించడం కాదు. ముందే బయటపడితే కొత్తదనం పోయిందని దరఖాస్తును తోసిపుచ్చవచ్చు. తేదీ వేసి, బొమ్మ గీసి, రాసి పెట్టుకోండి. ముంబయిలో పేటెంట్ కార్యాలయం ఉంది. పని పూర్తికాకున్నా ముందుగా తాత్కాలిక వివరణతో దరఖాస్తు పెట్టవచ్చు, పూర్తి వివరణ ఇవ్వడానికి 12 నెలల వ్యవధి ఉంటుంది. రాయడం రాని పెద్దలుంటే, బడికి వెళ్లే పిల్లల చేత రాయించండి. తండ్రి చేతిలోని విద్యను అక్షరంలో పెట్టడం కంటే ఆ పిల్లలకు మంచి పాఠం ఏముంటుంది?