ఎస్‌హెచ్: రెండక్షరముల పేరు, దాని పూర్వకథ

లైనక్స్ కెర్నెల్ మేల్కొని, హార్డువేరునంతను సరిచూచుకొని, పని అప్పగించుటకు తొలి ప్రోగ్రామును వెదకునపుడు, మనమేదియు ప్రత్యేకముగా చెప్పియుండనిచో, ‘ఇనిట్’ అను పేరుగల దానిని వరుసగా మూడు డైరెక్టరీలలో వెదకి, ఎచ్చటను కానరాకున్నచో, కడపట ‘బిన్’ డైరెక్టరీలోని ‘ఎస్‌హెచ్’ను పిలుచును, అదియు లేనిచో పానిక్ అయి నిలిచిపోవును. ఈ సంగతి చదివిననాడు నాకు కలిగిన సంతోషము ఇంతింతనరానిది.

ఎస్‌హెచ్ అను ఆ పేరు ఒక పీఠము వంటిది, పీఠాధిపతులు మారుచుందురు. ప్రతి ప్రోగ్రామును మూలమునుండి కంపైలు చేసికొని వ్యవస్థను కట్టుకొను ‘లైనక్స్ ఫ్రమ్ స్క్రాచ్’ పద్ధతిలో, బాష్ అను షెల్ సిద్ధమైన వెంటనే ఎస్‌హెచ్ అను పేర దానికొక లింకు వేయుదురు. ఒక్క పంక్తి ఆజ్ఞ! అది మరచినచో, కొత్త వ్యవస్థలో అడుగిడిన పిమ్మట ప్యాకేజీల కాన్ఫిగర్ స్క్రిప్టులు కదలవు. ఏలనన వాని మొదటి పంక్తియే ఆ పేరును పిలుచును.

ఎస్‌హెచ్ అనగా షెల్. ఆజ్ఞలను చదివి నడపు ప్రోగ్రామునకు షెల్, అనగా పెంకు, అను పేరు పెట్టినవాడు ఫ్రాన్సు దేశీయుడు లూయీ పూజాన్. ఆజ్ఞలను ఫైలులో వ్రాసియుంచి వరుసగా నడపుటకై 1964 ప్రాంతమున ఎమ్.ఐ.టి.లో ఆయన వ్రాసిన ‘రన్‌కామ్’ పేరే, నేడు ‘ఆర్‌సీ’తో ముగియు ఫైళ్లలో నిలిచియున్నది.

నా మనస్సు మాత్రము 1971లో బెల్ లాబ్స్‌నందు కెన్ థాంప్సన్ వ్రాసిన షెల్ వద్దనే ఆగిపోవును. దానికి తెలిసినది అత్యల్పము. నక్షత్రపు గుర్తును ఫైళ్ల పేర్లుగా విస్తరించుటకు ‘గ్లాబ్’ అను వేఱొక ప్రోగ్రాము. ‘ఇఫ్’ వేఱొక ప్రోగ్రాము. ‘గోటూ’ సైతము వేఱొక ప్రోగ్రామే! తనను పిలిచిన స్క్రిప్టు ఫైలును ఆ గోటూ మొదటినుండి చదివి, కోలనుతో మొదలగు లేబులును కనుగొని, చదువవలసిన స్థానమును అచ్చటనే విడిచి వెడలిపోవును. ఫైలు ఇరువురికిని ఉమ్మడిదగుటచే, షెల్ తనకేమి జరిగినదో ఎఱుగకయే ఆ స్థానమునుండి చదువసాగును. పుస్తకము చదువుచున్నవాడు క్షణము కన్నుమూసినపుడు ఎవరో పుటలు త్రిప్పిపోయినట్లు! ఇంతటి నిరాడంబరమైన ఉపాయమును పోగొట్టుకొంటిమని నేటికిని నా బాధ.

1979లో, యూనిక్స్ ఏడవ కూర్పుతో, స్టీఫెన్ బోర్న్ షెల్ వచ్చెను. ఆల్గాల్ 68 భాషాభిమానియైన ఆయన ‘ఇఫ్’ అక్షరములను తిరగవేసి ‘ఫై’తోను, ‘కేస్’ను తిరగవేసి ‘ఎసాక్’తోను వాక్యములను ముగించెను. ‘డూ’ను తిరగవేసిన ‘ఓడీ’ వచ్చును. కాని ఆ పేరు ఫైలులోని బైట్లను అష్టాంశ పద్ధతిలో చూపు ఆజ్ఞకు అప్పటికే ఉండుటచే ‘డన్’తో సరిపెట్టుకొనవలసివచ్చెను.

తరువాతి కథ పలుశాఖలైనది. 1989లో బ్రయన్ ఫాక్స్ బాష్‌ను వెలువరించెను. ఆ ఏడే ఆల్మ్‌క్విస్ట్ వ్రాసిన ఆష్ వంశమునుండి డాష్ పుట్టి, 2006లో ఉబుంటునందు ఎస్‌హెచ్ పీఠము నెక్కెను. బూట్ సమయమున నడచు స్క్రిప్టులు త్వరగా ముగియవలెనని ఈ మార్పు. బాష్ సొంత నుడికారమును నమ్ముకొన్న స్క్రిప్టు లనేకము ఆనాడు విఱిగిపోయెను.

థాంప్సన్ లేబులు ముందు పెట్టిన ఆ కోలను మాత్రము ఆజ్ఞగా ఇంకను జీవించియున్నది. బాష్‌లో అదొక్కటియే టైపుచేసి ఎంటరు నొక్కినచో, ఏమియు జరుగదు. ప్రాంప్టు మరల వచ్చి నిలుచును.