దీపానికి తెలియని గ్యాసు

మా నాయన ఇల్లెందు బొగ్గు బాయిలో సర్దారు. షిఫ్టు మొదలయ్యేలోపే దిగి, పైకప్పు కర్రతో తట్టి చూసి, గ్యాసు చూసి, సుద్దముక్కతో తేదీ వేసి సంతకం పెట్టేవాడు. ఆ సంతకం కనబడితేనే మిగతావాళ్లు పనిలోకి పోయేది. 1871లో విలియం కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గు కనుక్కున్నాడు, 1889లో తవ్వకం మొదలైంది. ఆయన పేరు మీదనే అక్కడ ఒక పొరను ఇప్పటికీ కింగ్ సీమ్ అంటారు. మా ఇంట్లో మాత్రం బొగ్గు కన్నా గ్యాసు మాటే ఎక్కువ వినబడేది.

నాయన చేతిలో ఎప్పుడూ ఇత్తడి సేఫ్టీ ల్యాంపు ఉండేది. దాని తాత 1815లో హంఫ్రీ డేవీ చేసిన జాలీ దీపం. వత్తి తగ్గించి ల్యాంపును పైకప్పు వైపు మెల్లగా ఎత్తితే, మీథేను ఉన్నచోట మంట మీద లేత నీలం టోపీ ఒకటి నిలుస్తుంది. ఆ టోపీ ఎత్తును బట్టి గ్యాసు ఎంతుందో అంచనా కడతారు. ఆక్సిజన్ తక్కువైన చోట మంట కుంగి ఆరిపోతుంది. ఒకసారి పెరట్లో ల్యాంపు తుడుస్తూ నాతో అన్నాడు: “ఇది రెండే చెప్తదిరా. మూడోది ఉన్నా దీపం మంచిగనే మండుతది. మనిషి పడతడు గాని దీపం ఆరదు. దానికి పిట్ట కావాలె.”

ఆ మూడోది కార్బన్ మోనాక్సైడ్. నేనిప్పుడు అమెరికాలో, ఇల్లినాయ్ రాష్ట్రంలో బడి భవనాల బాయిలర్లు చూసుకుంటాను. నాయన ల్యాంపుకు తెలియని గ్యాసే నా ఉద్యోగం.

ఇక్కడ నేను మొదట చేరిన బడి పాతది. నేలమాళిగలో బాయిలర్, సరిగ్గా దాని నెత్తిన రెండో తరగతి గది. ఒక చలికాలం ఆ గదిలో పిల్లలకు సోమవారం పొద్దునే తలనొప్పి వచ్చేది, మధ్యాహ్నానికి తగ్గేది. టీచరమ్మకూ అంతే. అందరూ ఫ్లూ అన్నారు. ఫ్లూ వారం చూసుకుని రాదు. శని, ఆదివారాలు వేడి తగ్గించి ఉంచుతాం, సోమవారం తెల్లవారుజామున బాయిలర్ నిండా మండుతుంది. నేను టార్చి పట్టుకుని పొగగొట్టం వెంట పోతే, గోడలోకి దూరే మలుపు దగ్గర అతుకు తుప్పు తిని వేలు పట్టేంత సందు కనిపించింది. అడిగి తెచ్చుకున్న మీటరు అక్కడ 90 పీపీఎం చూపింది, అంటే పది లక్షల పాళ్ల గాలిలో 90 పాళ్ల గ్యాసు. అతుకు ఆ రోజే మార్పించాను. ఆ భవనం మొత్తంలో ఒక్క డిటెక్టరు లేదు. పెట్టాలని ఏ చట్టమూ అప్పుడు అడగలేదు. ఆ గదిలో ఇరవై నాలుగు చిన్న కుర్చీలు. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు.

అడిగే చట్టం గనులకు ఎప్పుడో వచ్చింది. 1896 జనవరిలో వేల్స్‌లోని టైలర్స్‌టౌన్ గనిలో పేలుడు జరిగి 57 మంది పోయారు. జాన్ స్కాట్ హాల్డేన్ అనే శాస్త్రవేత్త శవాలను పరీక్షించాడు. పేలుడు దెబ్బకు పోయినవాళ్లు కొద్దిమందే. ఎక్కువమందిని చంపింది తర్వాత సొరంగాల్లో పరుచుకున్న కార్బన్ మోనాక్సైడ్. అంతకు ముందే ఆయన ఈ గ్యాసును తానే పీల్చి చూశాడు, తన రక్తంలో సగానికి పైగా దానితో నిండేదాకా. ఆక్సిజన్ కన్నా రెండు వందల రెట్లకు మించిన పట్టుతో అది రక్తంలోని హిమోగ్లోబిన్‌ను అంటుకుంటుంది. ఊపిరి ఆడుతూనే ఉంటుంది, ఒంటికి మాత్రం ప్రాణవాయువు అందదు. మనిషి కన్నా ముందే చిన్న జీవి పడిపోతుంది కాబట్టి ఎలుకనో పిట్టనో వెంట తీసుకుపొమ్మని హాల్డేన్ చెప్పాడు. బ్రిటన్‌లో 1911 నుంచి కెనరీ పిట్టలు గనుల రక్షణ సామగ్రిలో భాగమయ్యాయి. మన దేశంలో ఆ పని మునియా పిట్టలది.

గనిలోకి పిట్టను తీసుకుపోయే పంజరం బొమ్మను నేను చాలాసేపు చూశాను. అద్దాలున్న చిన్న గది, గాలి పోయేందుకు జల్లెడ, దాన్ని మూసే గుండ్రటి తలుపు. పైన పిడి, ఆ పిడే చిన్న ఆక్సిజన్ సిలిండరు. పిట్ట తూలి పడగానే తలుపు మూసి, మర తిప్పి, దానికి ఊపిరి పోసేవారు. పిట్టను చావనివ్వకూడదని గనిలో దిగే రక్షకులు అంత ఏర్పాటు చేశారంటే నాకు ఇప్పటికీ గొంతు పట్టుకుంటుంది. చివరి పిట్టలను మాన్పించి ఎలక్ట్రానిక్ యంత్రాలు పెడతామని బ్రిటన్ ప్రకటించింది 1986లో.

గనిలో కూలీకి పిట్ట దొరికింది. పైన బడిలో కూర్చున్న పిల్లలకు ఇంకో వందేళ్లు ఏమీ దొరకలేదు.

ఎందుకు దొరకలేదంటే, డిటెక్టరును అందరూ పడకగది వస్తువు అనుకున్నారు. అమెరికాలో ఇళ్ల అలారాలకు ప్రమాణం 1992లో వచ్చింది. 1994లో షికాగో నగరం ఇళ్లల్లో తప్పనిసరి చేసింది. ఆ డిసెంబరులో గాలి కదలక నగరమంతా పొగ పట్టేసరికి ఎక్కడికక్కడ అలారాలు మోగి, అగ్నిమాపక సిబ్బంది ఫోన్ల తాకిడికి సతమతమయ్యారు. తర్వాత ప్రమాణాలు సరిచేశారు: 70 పీపీఎం గంట నుంచి నాలుగు గంటలు నిలిస్తే మోగాలి, 400 అయితే పావుగంట లోపే. మనిషి నిద్రలో ఉంటే తలనొప్పి కూడా తెలియదు కాబట్టి నిబంధనలన్నీ మంచం చుట్టూ తిరిగాయి. బడిలో ఎవరూ పడుకోరుగా అన్నారు. తలనొప్పిని ఫ్లూ అనుకునే చోట మెలకువగా ఉండి ఏం లాభం?

మీరు అడగవచ్చు, వంటగ్యాసుకు కలిపినట్టు దీనికీ వాసన కలపొచ్చు కదా అని. ఆ వాసన వెనకాల కూడా ఒక బడి ఉంది. 1937 మార్చి 18న టెక్సస్‌లో న్యూ లండన్ అనే ఊరి బడి కింద చేరిన సహజవాయువు పేలి దాదాపు 300 మంది పోయారు, ఎక్కువమంది పిల్లలే. చమురు డబ్బున్న ఊరు అది. అయినా నెల బిల్లు మిగులుతుందని, చమురు బావుల దగ్గర వృథాగా పోయే గ్యాసు గొట్టానికి బడి గొట్టం తగిలించారు. ఆ గ్యాసుకు వాసన లేదు. ఆ ఏడాదే టెక్సస్ చట్టం చేసింది, గ్యాసుకు వాసన కలపాలని. కానీ కార్బన్ మోనాక్సైడ్ గొట్టంలో రాదు. మంట సరిగ్గా మండనప్పుడు అక్కడికక్కడే పుడుతుంది. పుట్టేదానికి వాసన ఎవరు కలుపుతారు?

2012 డిసెంబరు 3న అట్లాంటాలోని ఫించ్ ఎలిమెంటరీ స్కూల్లో నలభైమందికి పైగా పిల్లలను ఆసుపత్రికి తీసుకుపోయారు. బాయిలర్ దగ్గర కొలిస్తే 1,700 పీపీఎం. నాయన పనిచేసిన గని లాంటి వాటిలో హద్దు 50. అంటే దానికి 34 రెట్లు. జార్జియాలో బడికి డిటెక్టరు అక్కర్లేదు అప్పటికి. దేశం మొత్తంలో రెండు రాష్ట్రాలే, కనెక్టికట్, మేరీలాండ్, తప్పనిసరి చేసి ఉన్నాయి.

మా రాష్ట్రం వంతు 2014 సెప్టెంబరులో వచ్చింది. గిరార్డ్ అనే చిన్న ఊళ్లో నార్త్ మ్యాక్ ఇంటర్మీడియట్ స్కూల్లో పొగగొట్టం ఊడి, పిల్లలు, టీచర్లు కలిసి దాదాపు 150 మంది అస్వస్థులయ్యారు. గిరార్డ్ ఉన్న మకూపిన్ కౌంటీ బొగ్గు సీమ. పక్క ఊరు వర్డెన్‌లో 1898లో సమ్మె చేస్తున్న గని కార్మికుల మీద కాల్పులు జరిగాయి. అదే కౌంటీలో మౌంట్ ఆలివ్‌లో కార్మికుల శ్మశానం ఉంది, కార్మిక నాయకురాలు మదర్ జోన్స్ సమాధి అక్కడే. ఒక ఆదివారం నేనూ నా భార్యా వెళ్లి చూసొచ్చాం. రాతి మీద పేర్లు చదువుతుంటే మన బాయి వాళ్లే అనిపించింది. తాతలు గ్యాసును తెలిసి ఎదుర్కొన్న నేల మీద, పిల్లలు తెలియకుండా దాన్ని పీల్చారు.

గిరార్డ్ తర్వాత ఇల్లినాయ్ చట్టం చేసింది. 2016 జనవరి నుంచి బడుల్లో ఈ గ్యాసు పుట్టించగల ప్రతి యంత్రానికి 20 అడుగుల లోపు అలారం ఉండాలి. పాత భవనాల్లో బ్యాటరీది చాలు, కొత్తవాటిలో కరెంటు తీగకు కలిపి ఉండాలి. ఏడాదికోసారి తనిఖీ చేయాలి. దేశమంతా వాడే నమూనా భవన నిబంధనల్లో కూడా 2015 కూర్పు నుంచి తరగతి గదులు చేరాయి. ఆ శీతాకాలం సెలవుల్లో నేను టేపు పట్టుకుని బాయిలర్ ముందు మోకాళ్ల మీద కూర్చున్నాను. ఒక కొస నా సహోద్యోగి పట్టుకున్నాడు. 20 అడుగుల దగ్గర సుద్దతో గీత గీసి, పక్కన తేదీ వేసి నా పేరులో మొదటి అక్షరం రాశాను. రాశాక గాని తెలియలేదు, అది ఎవరి అలవాటో.

ఇక డబ్బు. 2022లో అమెరికా కాంగ్రెసు, 1996లో మిన్నెసోటాలో ఇంట్లో ఈ గ్యాసుకు బలైన ఇద్దరు చిన్న అన్నదమ్ముల పేరున ఒక చట్టం చేసింది. అలారాలు కొనడానికి రాష్ట్రాలకు గ్రాంట్లు, ఏడాదికి 20 లక్షల డాలర్ల దాకా. అందులోనే పేదల ఇళ్లు, వృద్ధుల ఇళ్లు, శిశు కేంద్రాలు, బడులు. ఒక్క ప్రభుత్వ బడులే దేశంలో దాదాపు లక్ష. మొత్తం బడులకే ఇచ్చినా ఒక్కోదానికి ఏడాదికి 20 డాలర్లు. ఆ డబ్బుకు ఒక మంచి అలారం రావడం కష్టం. చట్టం రావడానికి ఆ అన్నదమ్ముల తల్లి ఏళ్ల తరబడి తిరిగింది. ఆమె ఓర్పుకు నేను దండం పెడతాను, ఆ అంకెకు మాత్రం పెట్టలేను. అలారం పెట్టమని ఆజ్ఞ ఇచ్చిన చేయి డబ్బు కూడా ఇవ్వాలి. లేకపోతే పేద ఊరి బడి పుస్తకాలు తగ్గించుకుని అలారం కొంటుంది, లేదా బ్యాటరీ అయిపోయిన అలారాన్ని అలాగే గోడకు ఉంచుతుంది.

ఎందుకంటే అలారానికీ ఆయుష్షు ఉంది. లోపలి సెన్సరు కొన్నేళ్లకు మొద్దుబారుతుంది. వెనక్కి తిప్పితే మార్చాల్సిన తేదీ అచ్చేసి ఉంటుంది. 2016లో నేను బిగించిన ఎనిమిదికీ గడువు అయిపోయింది. కొత్తవాటికి కాగితం పెట్టాను, బడ్జెట్టు మీటింగు వచ్చే నెల. అంతదాకా సోమవారాలు అందరికన్నా గంట ముందు వస్తున్నాను. సొంత మీటరు పట్టుకుని బాయిలర్ గది, మెట్లు, రెండో తరగతి, వంటగది అన్నీ తిరిగి, చివర్న తలుపు పక్కన పలక మీద తేదీ వేసి సంతకం పెడుతున్నాను. తర్వాతే పిల్లల బస్సులు వస్తాయి.