బొగ్గు గనులున్నవి, యూనియనేది?

సుజాన్ కాలిన్స్ 2008లో ప్రచురించిన 'ది హంగర్ గేమ్స్' నవలను నా చేత చదివించినవాడు మా తరగతిలోని వొక సింగరేణి కార్మికుని కుమారుడు. నేను పుస్తకం తిరిగి యిస్తూ పొగడబోయేసరికి అతడు అడ్డువచ్చాడు: "గనులున్నయి గద సార్, మరి యూనియనేది?" ఆ ప్రశ్న నన్ను వదలలేదు.

ఉత్తర అమెరికా శిథిలాల మీద వెలసిన పనెమ్ అనే భావి రాజ్యం కథ యిది. లాటిన్‌లో ఆ మాటకు రొట్టె అని అర్థం. రొట్టె, వినోదం దొరికితే చాలనుకునే రోమను ప్రజలను కవి జువెనాల్ యెత్తిపొడిచిన మాట నుండి ఆ పేరు వచ్చింది. వెనుకటి తిరుగుబాటుకు శిక్షగా పన్నెండు జిల్లాలు యేటా వొక బాలుణ్ణీ, వొక బాలికనూ పంపాలి. ఆ 24 మంది వొక్కరు మిగిలేదాకా చంపుకోవాలి. రాజధాని దానిని టెలివిజన్‌లో చూసి ఆనందిస్తుంది.

విమర్శకులు చాలామంది యీ ఆట దగ్గరే ఆగుతారు. నన్ను ఆపినది చీట్ల లెక్క. ఆకలిగొన్న పిల్లలు తమ పేర మరొక చీటీ వేయించుకుంటే వొక మనిషికి యేడాదికి గింజలు, నూనె లభిస్తాయి. ఆ చీట్లు యేటికేడు పేరుకుపోతాయి. పదహారేండ్ల కాట్నిస్ పేర 20 చీట్లు, ఆమె స్నేహితుడు గేల్ పేర 42! అన్నానికి లోటులేని మేయరు కూతురుకు అయిదు. చట్టం యెదుట అందరూ సమానులే సుమా! పేదవాడికీ, దుకాణదారుకూ నడుమ పగ పెంచేందుకే యీ యేర్పాటని గేల్ మండిపడతాడు. నవలలో అందరికంటె చరిత్ర తెలిసిన మాట అన్నవాడతడే.

కాట్నిస్ తండ్రి గని పేలుడులో చనిపోయాడు. ఆమె జిల్లా వున్నది అపలాచియాలో. ఆ కొండల చరిత్ర కల్పన కాదు. వెస్ట్ వర్జీనియా గనుల వూళ్ళలో యిల్లు కంపెనీది, దుకాణం కంపెనీది, చాలాచోట్ల కూలి కూడా డాలర్లలో గాక ఆ దుకాణంలోనే చెల్లే టోకెన్లలో ముట్టేది. యూనియన్‌లో చేరినవాడి సామాను వీధిలో పడేది. 1920 మేలో మేట్‌వాన్ వూళ్ళో అలా యిళ్ళు ఖాళీ చేయించిన కంపెనీ డిటెక్టివులకూ, వూరివారికీ కాల్పులు జరిగి పదిమంది చనిపోయారు. గనివారి పక్షాన నిలిచిన పోలీసు అధికారి సిడ్ హాట్‌ఫీల్డ్‌ను 1921 ఆగస్టు 1న న్యాయస్థానం మెట్ల మీదనే కాల్చి చంపారు. ఆ నెలాఖరున దాదాపు పదివేలమంది గని కార్మికులు, నల్లవారూ తెల్లవారూ వలసవచ్చినవారూ, మెడకు యెర్ర రుమాళ్ళు కట్టుకొని బ్లేర్ కొండ మీదికి నడిచారు. అద్దె విమానాల నుండి వారి మీద బాంబులు పడ్డాయి. చివరకు సమాఖ్య సైన్యం రావటంతో ఆయుధాలు దించారు. 1933 తరువాతగాని అక్కడ యూనియన్ తిరిగి తలయెత్తలేదు.

కాలిన్స్ ఆ కొండలను తీసుకున్నది, బొగ్గును తీసుకున్నది, ఆకలిని తీసుకున్నది. యెర్ర రుమాలును మాత్రం అక్కడే వదిలివేసింది. ఆమె పన్నెండో జిల్లాలో సమ్మె అన్న జ్ఞాపకమైనా లేదు. వొక బాలిక ధైర్యం దేశాన్ని కదిలిస్తుంది.

అయితే 1921ని యెరిగిన వొక ఘట్టం 2009 నాటి రెండవ భాగంలో వున్నది. యెనిమిదవ జిల్లా నేత మిల్లులో యంత్రాల రొదను ఆసరా చేసుకొని కార్మికులు చెవిలో చెవిలో తిరుగుబాటు అల్లుతారు. ఆ కబురు తెచ్చిన యిద్దరిలో వొకతె బడి ఉపాధ్యాయిని కూడాను! నవలంతా అక్కడ నిలవవలసింది. రచయిత్రి కొద్ది పేజీలలో దాటిపోయింది. మూడవ భాగంలో తిరుగుబాటు నాయకురాలు కూడా మరొక నియంతగా తేలుతుంది. యిది నాకు మింగుడుపడలేదు. అటువంటి నాయకులు చరిత్రలో లేరని కాదు. కార్మికుల నిర్మాణాన్ని చూపకుండా నాయకురాలి ద్రోహాన్ని మాత్రమే చూపటం తూకంలో మోసం.

పాఠకులు మాత్రం రచయిత్రిని మించారు. పన్నెండో జిల్లాలో మూడు వేళ్ళు పెదవులకు ఆనించి పైకెత్తటం ఆత్మీయులకు చెప్పే వీడ్కోలు. చావుల దగ్గర కనిపించే ఆనవాయితీ. 2014 మేలో థాయిలాండ్‌లో సైన్యం అధికారం గుంజుకున్న తరువాత యువకులు దానిని వీధిలోకి తెచ్చారు. స్వేచ్ఛ, సమానత, సౌభ్రాతృత్వం అని కొందరు దానికి అర్థం చెప్పారు. నవంబరులో ఖోన్ కేన్‌లో సైనిక ప్రధాని ప్రయూత్ ప్రసంగిస్తుండగా అయిదుగురు విద్యార్థులు ఆయన యెదుటనే వేళ్ళెత్తి అరెస్టయ్యారు. 2021 ఫిబ్రవరిలో మయన్మార్‌లో సైనిక కుట్రకు యెదురుతిరిగిన వైద్య సిబ్బంది ఆస్పత్రుల ముందు నిలబడి చేసిన సంజ్ఞ యిదే.

యిదంతా ఆ విద్యార్థికి చెప్పాను. బ్లేర్ కొండ గురించి తెలుగులో పుస్తకమేదైనా వున్నదా అని అడిగాడు. యివ్వటానికి నా దగ్గర యేమీ లేకపోయింది.