ద్రాక్షారసపు జాడీ, కల్లు లొట్టి

నల్లగొండ జిల్లాలోని హాలియా నుండి పెద్దవూర మీదుగా నాగార్జునసాగరమునకు పోవు బాట ఒకప్పటి ఇక్ష్వాకుల రాజధాని విజయపురి చెంతకు చేరును. క్రీ. శ. 3, 4 శతాబ్దులలో వర్ధిల్లిన ఆ నగరపు లోయ నేడు జలాశయము అడుగున నున్నది. 1926లో దాని శిథిలములు బయల్పడినవి. 1927-31 నడుమ లాంగ్‌హర్స్టు, 1954-60 నడుమ ఆర్. సుబ్రహ్మణ్యం అచ్చట త్రవ్వకములు జరిపించిరి. రాజప్రాసాదమని చెప్పబడు తావున దొరకిన ఒక స్తంభముపై వింతయైన శిల్పము కలదు. గడ్డము గల ఒక పురుషుడు, నడుము పైని వస్త్రము లేక, చేత కొమ్ము ఆకారపు పానపాత్ర పట్టుకొని నిలిచి యున్నాడు. ఈతడు గ్రీకుల మధుదేవతయగు డయొనీససు అని పండితులు గుర్తించిరి.

శిల్పము కనబడినంత మాత్రాన విజయపురి వాసులు ద్రాక్షాసవము త్రాగిరని చెప్పరాదు. శిల్పి ఆ రూపమును ఏ విదేశీ నగ మీదనో చూచి యుండవచ్చును. కాని పడమటి దేశములతో వర్తకము నడచిన మాట నిజము. రోమనుల బంగారు నాణెములు నాగార్జునకొండలోనే దొరకినవి. నల్లగొండ జిల్లా అక్కనపల్లెలో వేయికి పైగా రోమను వెండి నాణెములు ఒక్కచోటనే లభించినవి. క్రీ. శ. మొదటి శతాబ్దిలో ఒక గ్రీకు నావికుడు వ్రాసిన ‘పెరిప్లస్’ అను గ్రంథము భరుకచ్ఛ రేవున దిగు సరకులలో ద్రాక్షాసవమును పేర్కొనుచున్నది. పుదుచ్చేరి చెంతనున్న అరికమేడులో 1945లో వీలర్ జరిపిన త్రవ్వకములలో ఆ సరకును తెచ్చిన జాడీల పెంకులు బయటపడినవి.

ఒక్కొక్క జాడీలో సుమారు 26 లీటర్లు పట్టును. ఇటలీలో నింపిన రసము ఎర్రసముద్రము దాటి, ఋతుపవనముల వెంట నెలల తరబడి ఓడలో ప్రయాణించి, ఇచ్చట త్రాగదగినదిగా నుండుట ఎట్లు? ద్రాక్షరసము స్వభావముచేతనే పుల్లనిది. ఆ పులుపులో చాల సూక్ష్మజీవులు పెరుగజాలవు. ఈస్టు మాత్రము పెరిగి చక్కెరను ఆల్కహాలుగా మార్చును. అది నూటికి 12 పాళ్ళ వరకు చేరును. జాడీ లోపల పైన్ చెట్ల జిగురు పూసి, మూతి బిగించినచో గాలి సోకదు. గాలి లేనిదే ఆల్కహాలును పులియబెట్టి వెనిగరుగా మార్చు బాక్టీరియా పనిచేయలేదు. నేలమాళిగలలో ఏండ్ల తరబడి నిలువచేయుటకు, కొనవచ్చినవారు గదిలో కూర్చుండి ఏ యేటి సరకు ఎట్లున్నదో రుచి చూచుటకు ఇదియే మూలము. నిలువయున్న చోటనే రుచిగది యుండును.

హాలియా చుట్టుపట్ల పొలముల గట్ల మీది తాటిచెట్టు కథ వేరు. గీత కార్మికుడు నడుమునకు మోకు బిగించి చెట్టెక్కి, గెల కొనను పలుచగా గీసి, లొట్టి కట్టి దిగును. గెల నుండి జారు రసము పులుపు లేని తీపి నీరు. నూటికి పది పన్నెండు పాళ్ళ చక్కెర గలదు. పులుపు కాపలా లేనందున గాలిలోని, లొట్టిలోని సూక్ష్మజీవులన్నిటికి అది విందు. ఈస్టుతోబాటు జైమోమోనాస్ అను బాక్టీరియా కూడ చక్కెరను ఆల్కహాలుగా మార్చును. దీనిని 1920-30 నడుమ లిండ్నర్ అను జర్మను శాస్త్రజ్ఞుడు మెక్సికో దేశపు ‘పుల్కే’లో కనుగొనెను. పుల్కే కూడ మొక్క నుండి కారిన తీపి రసమే. అదియు నిలువ యుండదు. లాక్టిక్ ఆమ్లపు బాక్టీరియా, వెనిగరు బాక్టీరియా వెంటనే చేరును. కొన్ని గంటలలో కల్లు తయారు. ఆల్కహాలు నూటికి నాలుగైదు పాళ్ళు మాత్రమే. మరునాటికి పుల్లన.

కావుననే కల్లునకు నేలమాళిగ లేదు. త్రాగువాడే చెట్టు వద్దకు పోవలెను. తాటివనము క్రింది కల్లు మండువాయే రుచిగది. తాటాకు రేకయే పాత్ర. అనుభవజ్ఞులు పోతుతాటి కల్లునకు, పండుతాటి కల్లునకు, ఈతకల్లునకు గల భేదమును ఒక గుక్కతో చెప్పుదురు. ఇది ద్రాక్షాసవపు రుచిగాండ్ర విద్యకు తీసిపోదు. దీనిపై ఎవరును బిరుదులు మాత్రమీయరు!

చిక్కెల్లను చెట్టు చాలనిచోట పుట్టినది. పట్టణములలో గిరాకి హెచ్చి, చెట్ల నుండి దొరకునది చాలక, కొందరు వ్యాపారులు నీటిలో క్లోరల్ హైడ్రేటు, డయజిపామ్, ఆల్ప్రజోలమ్ వంటి మత్తుమందులు కలిపి కల్లుగా అమ్మిరి. ఇవి ఆల్కహాలు కావు. నాడీమండలమును మందగింపజేయు ఔషధములు. వాడుకపడిన శరీరము నుండి వానిని హఠాత్తుగా తీసివేసినచో వణుకు, భ్రాంతి, మూర్ఛ కలుగును. 2015 సెప్టెంబరులో తెలంగాణలో కల్తీకల్లుపై దాడులు జరిగి సరఫరా ఆగగా మహబూబ్‌నగర్, నిజామాబాదు ప్రాంతములలో పలువురు ఈ లక్షణములతోనే ఆసుపత్రుల పాలైరి. కల్లు వలన కాదు, కల్లు కానిదాని వలన.

లొట్టి లోపల సున్నము పూసినచో సూక్ష్మజీవుల పని తగ్గి, రసము తీపిగానే నిలుచును. అదియే నీరా. 2023లో హైదరాబాదు నెక్లెస్ రోడ్డున ప్రభుత్వము నీరా కేంద్రమును తెరచినది. అచ్చటికి పంపు నీరాను చెట్టు దించిన వెంటనే చల్లబరుపవలెను. లేకున్న దారిలోనే కల్లగును.