ఈ మట్టీ వలస వచ్చిందే

'మీదే ఊరు?' అంటారు. 'అమలాపురం' అంటాం. 'అది కాదు, అసలు ఎక్కణ్ణుంచి వచ్చారు?' అంటారు. మా పేరు విన్నాక పుట్టే ప్రశ్న అది. పక్కింటివాణ్ణి ఎవరూ అడగరు. జవాబుగా చూపించడానికి మాకు వంశవృక్షాల్లేవు. గోదావరి ఉంది.

కోనసీమ మట్టే వలస వచ్చింది. నాసిక్ దగ్గర పుట్టిన నది దారిపొడుగునా కోసుకొచ్చిన ఒండ్రుని గౌతమికీ వశిష్ఠకీ మధ్య పరిచింది. మనుషుల్ని ఇక్కడికి పిలిచిందీ నీళ్లే, ఇక్కణ్ణుంచి తరిమిందీ నీళ్లే. 1821లో సుమారు 7 లక్షల 38 వేలున్న రాజమండ్రి జిల్లా జనాభా, కరువులూ ఉప్పెనలూ వలసలతో 1841 నాటికి 5 లక్షల 61 వేలకు పడిపోయింది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. కాలువ వెంట పని, పని వెంట జనం వచ్చారు.

భూమి లేనివాళ్లు మాత్రం ఓడలెక్కి బర్మా పోతూనే ఉన్నారు. అక్కడ తెలుగు కూలీలందర్నీ, కులమేదైనా మతమేదైనా, కోరంగి రేవు పేరుతో 'కోరంగీలు' అన్నారు. 1930 మేలో రంగూన్ రేవులో పరాయివాళ్లని వాళ్ల మీద దాడులు చేశారు. 1942లో యుద్ధం తరిమితే ఎంతోమంది కాలినడకన తిరుగుముఖం పట్టారు.

1996 నవంబర్ 6 తుపాను వెయ్యిమందికి పైగా ప్రాణాలు తీసింది. కొబ్బరితోటలు నేలకొరిగాయి. చెట్టున్నవాడు పడిపోయిన చెట్లు లెక్కపెట్టుకున్నాడు. దింపు తీసేవాడు, కాయ వలిచేవాడు ఏం లెక్కపెట్టుకోవాలి? కొత్త మొక్క కాపుకి రావాలంటే అయిదారేళ్లు. ఆకలి అన్నాళ్లు ఆగదు. అప్పటికే పడివున్న గల్ఫ్ దారి మరికొందరికి దిక్కయింది. రాజోలు, కొత్తపేట వైపు పేటల నుంచీ, మా వీధుల నుంచీ ఆడవాళ్లు కువైట్ ఇళ్లలో పనికి పోయారు.

పక్కింటివాడు వెళ్తే బతుకుతెరువు. మేం వెళ్తే 'వాళ్ల దేశం వాళ్లు పోయారు' అంటారు. అక్కడ అరబ్బు యజమానికి ఇద్దరం 'హిందీ'లమే. ఇద్దరి పాస్‌పోర్టూ ఆయన బీరువాలోనే.

ఇవాళ సముద్రం అంతర్వేది తీరాన్ని కోస్తోంది. రేపు అక్కణ్ణుంచి మూటాముల్లే సర్దుకునేవాళ్లు ఏ ఊరికి చేరితే ఆ ఊళ్లో వాళ్లని కూడా 'అసలు ఎక్కణ్ణుంచి వచ్చారు?' అని అడుగుతారు. ఆ ప్రశ్న ఎంత గుచ్చుతుందో మాకు తెలుసు. మేం మాత్రం అడగం.